ఇద్దరిదీ ఇరవయ్యో నంబరే: డ్రాఫ్ట్ కుర్రాళ్ళ లెక్క చూడటం ఎలా?

అమెరికన్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా అర్జున్ నిమ్మల పేరు చుట్టూ తిరిగినవే. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలిసిపోతుంది మరి. మిగతావి పిల్లల్ని ఆటకి పంపుతున్న అమెరికా తెలుగు తల్లిదండ్రులవి, క్రికెట్ నుంచి ఇటు తొంగిచూస్తున్న వాళ్ళవి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ప్రశ్నలు కలిపేశాం.

ప్రశ్న: టొరంటో బ్లూ జేస్ 2023లో అర్జున్ నిమ్మలని మొదటి రౌండ్‌లో 20వ పిక్‌గా తీసుకుంది. మరుసటి ఏడు ట్రే యెసావేజ్‌నీ 20వ పిక్‌గానే తీసుకుంది. రెండోవాడు 2025 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్లో) హీరో అయ్యాడు. ముందు తీసుకున్న మనవాడు ఆ ఏడాదంతా మేజర్ లీగ్‌కి కింది మెట్లయిన మైనర్ లీగుల్లోనే ఉన్నాడు. అంటే మొదటి ఎంపిక బెడిసికొట్టినట్టేనా? — విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నంబరు ఒకటైతే సరుకు ఒకటి కాదు. డ్రాఫ్ట్ రోజున ఇద్దరి వయసులూ పక్కపక్కన పెట్టి చూడండి. అర్జున్ ఫ్లోరిడాలోని స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ నుంచి వచ్చిన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్). అప్పటికి పద్దెనిమిది కూడా నిండలేదు, 17 ఏళ్ళ 8 నెలలు. ఆ ఏడు మొదటి రౌండ్‌లో అంత చిన్నవాళ్ళు అరుదు. యెసావేజ్ ఈస్ట్ కరోలినా యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడిన పిచర్, ఇంకో రెండు వారాల్లో 21 నిండబోతున్నాయి. యెసావేజ్ డ్రాఫ్ట్ నాటికి ఉన్న వయసుకి అర్జున్ చేరుకునేది 2026 సీజన్ ముగిసేనాటికి. పోలిక పెట్టాలంటే అప్పుడు మొదలుపెట్టాలి.

వయసు ఒక్కటే కాదు, పని కూడా వేరు. బంతి పిచర్ చేతిలో ఉంటుంది. బ్యాటర్లకి అలవాటు లేనిది ఒకటి విసరగలిగితే కింది మెట్టులోనూ పై మెట్టులోనూ అది పనిచేస్తుంది. యెసావేజ్ బంతి వదిలే ఎత్తు 7 అడుగులు దాటుతుంది. అంత పైనుంచి వచ్చే బంతి బాగా కిందికి దిగుతుందని బ్యాటర్ కన్ను లెక్కేసుకుంటుంది. అతని ఫాస్ట్‌బాల్ అంత దిగదు. అదే చేతి ఊపుతో వచ్చిన స్ప్లిటర్ మాత్రం బ్యాటర్ ముందుండే ప్లేటు దగ్గరికి వచ్చాక దభీమని పడిపోతుంది. అందుకే 2025లో డనీడిన్‌లో కింది మెట్టు సింగిల్-ఎ తో మొదలుపెట్టి, వాంకూవర్, న్యూ హ్యాంప్‌షైర్, బఫలో మెట్లు ఒకే సీజన్‌లో ఎక్కి, సెప్టెంబరులో మేజర్ లీగ్‌కి చేరాడు. వరల్డ్ సిరీస్ అయిదో ఆటలో 7 ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ బ్యాటర్లని 12 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు, ఒక్క వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే వచ్చే బేస్) కూడా ఇవ్వలేదు.

బ్యాటర్ పని జవాబు చెప్పడం. మెట్టు పెరిగిన కొద్దీ ప్రశ్నలు మారుతుంటాయి. హైస్కూల్‌లో వారానికి ఒకటి రెండు ఆటలు, అందులోనూ 85 మైళ్ళ వేగం దాటని పిచర్లే ఎక్కువ. అక్కడినుంచి వారానికి ఆరు ఆటలు, 94 మైళ్ళ ఫాస్ట్‌బాల్, నిజంగా తిరిగే స్లైడర్. హైస్కూల్ నుంచి వచ్చిన షార్ట్‌స్టాప్‌కి మేజర్ లీగ్ చేరడానికి నాలుగైదేళ్ళు పట్టడం మామూలే. ఒకటి మగ్గిన పండు, ఇంకొకటి పిందె. పిందె కొరికి పుల్లగా ఉందనడం న్యాయం కాదు.

అర్జున్ మీద సందేహాలే లేవా అంటే, ఉన్నాయి. అవి కింది జవాబులో.

ప్రశ్న: మైనర్ లీగ్ అంకెలు చూస్తే అర్జున్ బ్యాటింగ్ సగటు తక్కువే. అయినా ప్రాస్పెక్ట్ (ఎదుగుతారన్న ఆశ ఉన్న కుర్రాళ్ళ) జాబితాల్లో పేరు కనిపిస్తుంది. ఈ అంకెల్ని ఏ వరుసలో చదవాలి? — బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: అందరూ సగటు (క్రికెట్‌లోలా పరుగులది కాదు, ఎన్నిసార్లు ఆడితే ఎన్ని హిట్లన్న లెక్క) నుంచి మొదలుపెడతారు. దాన్ని చివర చూడండి.

ముందు చూడాల్సింది, ఆ మెట్టులో మిగతావాళ్ళ వయసుకి ఇతని వయసు ఎంత తేడా అన్నది. మైనర్ లీగ్ నిచ్చెన ఇలా ఉంటుంది: ఫ్లోరిడా, అరిజోనాల్లో కాంప్లెక్స్ లీగులు, ఆ పైన సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. హై-ఎ లో ఎక్కువమంది కాలేజీ ముగించుకొచ్చిన 21-23 ఏళ్ళవాళ్ళు. అర్జున్ 2025లో 19 ఏళ్ళకి అక్కడ ఆడాడు. అదే అంకెలు 23 ఏళ్ళవాడివైతే జాబితా నుంచి పేరు కొట్టేస్తారు.

రెండోది స్ట్రైకౌట్ శాతం. ప్లేటు దగ్గరికి వచ్చిన మొత్తం సార్లతో భాగించాలి, ఎట్-బ్యాట్‌లతో (వాక్‌ల వంటివి తీసేసిన లెక్కతో) కాదు. 20 శాతం దగ్గరుంటే మంచిది. 25 దాటితే కన్నేసి ఉంచాలి. సింగిల్-ఎ లోనే 30 దాటితే పైమెట్లలో అది ఇంకా పెరిగే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడి పిచర్లు బలహీనత ఒక్కసారి కనిపెట్టారంటే మళ్ళీ మళ్ళీ అక్కడే వేస్తారు. ఈ శాతం త్వరగా కుదురుకుంటుంది. వంద సార్లు బ్యాటింగ్‌కి వచ్చేసరికి ఒక అంచనా చిక్కుతుంది. సగటు అలా కాదు. అది నమ్మదగ్గ అంకె కావాలంటే సుమారు రెండు సీజన్లు కావాలి. ఏప్రిల్ నెల సగటు చూసి ఆకాశానికి ఎత్తేవాళ్ళూ, పాతాళానికి తొక్కేవాళ్ళూ పప్పులో కాలేసేది ఇక్కడే.

మూడోది వాక్‌లు. 10 శాతం ఉంటే బాగున్నట్టు. అయితే ఒక మెలిక. కింది మెట్లలో పిచర్లకే స్ట్రైక్ వేయడం చేతకాదు, కదలకుండా నిలబడినా వాక్‌లు వస్తాయి. అందుకని జోన్ (స్ట్రైక్‌గా లెక్కేసే చోటు) బయటి బంతులకి ఎంత శాతం బ్యాట్ ఊపాడన్నది దొరికితే అదే మేలు.

నాలుగోది పవర్. స్లగింగ్ (ఒక్కో ఎట్-బ్యాట్‌కి దక్కిన బేస్‌ల లెక్క) అంకెలోంచి సగటు తీసేయండి. సగటు .240, స్లగింగ్ .440 అయితే మిగిలేది .200. సింగిల్స్ పోగా డబుల్స్, ట్రిపుల్స్, హోమ్‌రన్‌ల బలం అదే. .200 అంటే మంచి పవర్, .100 అంటే పేలవం. దీనికి ఊరు కూడా కలుపుకోవాలి. ఫ్లోరిడా స్టేట్ లీగ్ ఆటలు చాలావరకు మేజర్ జట్ల వసంత శిక్షణ మైదానాల్లో, ఉక్కలో జరుగుతాయి, పిచర్లకే కలిసొస్తుంది. వాంకూవర్‌లో ఏప్రిల్ చలికి బంతి ఎగరదు. ఎత్తయిన పడమటి ఊళ్ళలో ట్రిపుల్-ఎ ఆడేవాడి 20 హోమ్‌రన్‌లు, ఫ్లోరిడాలో కొట్టిన 14తో సమానం కావొచ్చు.

ఇప్పుడు అర్జున్ సంగతి. 2024లో డనీడిన్‌లో మొదటి వారాలు అస్సలు బాగా సాగలేదు. బ్యాట్‌కి బంతి తగలడమే గగనమైంది. జట్టు అతన్ని ఆటల నుంచి తప్పించి కాంప్లెక్స్‌కి పంపి బ్యాటింగ్‌ని సరిదిద్దింది. తిరిగొచ్చాక హోమ్‌రన్‌లు వరుసకట్టాయి, రెండంకెల్లోకి వెళ్ళాయి, గానీ ఏడాది మొత్తానికి స్ట్రైకౌట్లు ఎక్కువే. 2025లో వాంకూవర్‌లో తలకిందులైంది: స్ట్రైకౌట్లు బాగా తగ్గాయి, మొదటి నెల అదరగొట్టాడు, తర్వాత పవర్ సన్నగిల్లింది. 19 ఏళ్ళవాడు స్ట్రైకౌట్లు అంతగా తగ్గించుకోవడం తేలిక పని కాదు, దాన్ని మెచ్చుకోవాలి. తగ్గించుకునే క్రమంలో ఊపు తగ్గించి బంతిని ఊరికే తాకిస్తున్నాడేమోనన్నది మా అనుమానం. రెండు సీజన్లలోని మంచి సగాలు ఒకే సీజన్‌లో కలిసిన రోజున మీ ప్రశ్నకి అసలు జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: స్కౌట్లు (జట్ల తరఫున కుర్రాళ్ళని వెతికి బేరీజు వేసేవాళ్ళు) 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారట. వందకి వేయొచ్చు కదా? ఆ మార్కులు ఎలా వేస్తారు? — క్రికెట్ కోచ్, గుంటూరు

జవాబు: 50 అంటే మేజర్ లీగ్ ఆటగాళ్ళ సరాసరి. అక్కడినుంచి ప్రతి పదీ, గణితంలో ప్రామాణిక విచలనం అంటామే, దాని ఒక అంగ. మూడు అంగలు పైకి వేస్తే 80, కిందికి వేస్తే 20. ఆ గీతలు దాటేవాళ్ళు లేనట్టే. గమనించాల్సింది, ఇది స్కూలు పిల్లల సరాసరి కాదు. హైస్కూల్ కుర్రాడికి ఇప్పటి మార్కు 30 పడితే అవమానమేమీ కాదు. అందుకే ప్రతిదానికీ రెండు మార్కులు: ఇవాళ ఉన్నది, ఎదిగాక రావచ్చనుకున్నది. '30, 55' అని రాశారంటే మధ్య ఉన్న 25 ఊహే. ఆ ఊహకే లక్షల డాలర్లు పోస్తారు.

ఫీల్డ్‌లో ఆడేవాళ్ళకి అయిదు అంశాలు: బంతిని తగిలించడం, పవర్, పరుగు, విసురు, ఫీల్డింగ్. పరుగు కొలవడం మీరు రేపే మొదలుపెట్టొచ్చు. బంతి బ్యాట్‌కి తగిలిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కండి, 90 అడుగుల అవతల మొదటి బేస్ మీద కాలు పడగానే ఆపండి. కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లు వస్తే 50 మార్కులు. ఎడమచేతి వాడు బేస్‌కి ఒకడుగు దగ్గర నిలబడతాడు కాబట్టి వాడికి 4.2. కుడిచేతి వాడు 4.0లో చేరితే 80. తప్పులు జరిగేదెక్కడంటే, బంట్ ఆడి (బంతిని మెత్తగా ఆపి) పరిగెత్తినప్పుడూ, ఊపుతూ ఊపుతూనే బేస్ వైపు ఒరిగిపోయినప్పుడూ టైము ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. సునాయాసంగా అవుటయ్యే బంతికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్తే చెడ్డగా కనిపిస్తుంది. కనీసం నాలుగైదు పరుగులు కొలిచి, ఒళ్ళు వంచి పరిగెత్తినవే లెక్కలోకి తీసుకోవాలి. క్యాచర్ (ప్లేటు వెనకుండే కీపర్) విసురుకయితే బంతి గ్లవ్‌లో పడింది మొదలు రెండో బేస్ దగ్గరి గ్లవ్‌లో పడేదాకా. 2.0 సెకన్లు సరాసరి, 1.9 చాలా మేలు.

ఇలా వాచీకి చిక్కేవాటిలో స్కౌట్ల మధ్య పెద్దగా తగాదా రాదు. తగాదా అంతా మొదటి అంశం, బంతిని తగిలించడం దగ్గరే. మిగతా నాలుగూ ఉండి ఇది లేనివాడు ఆటలోనే ఉండలేడు. దానికి స్కౌట్ చూసేది ఫలితం కాదు, నిర్ణయం. రెండు స్ట్రైకులున్నప్పుడు స్లైడర్‌ని వదిలేశాడా? లోపలికొచ్చిన వేగమైన బంతికి చేతులు ముడుచుకోగలిగాడా, లేక మోచేయి ఇరుక్కుపోయిందా? తప్పు చేసిన బంతినే రెండోసారి వేస్తే ఏం చేశాడు? ఔట్ అయిన ఆటలోనే ఇవి ఎక్కువ తెలుస్తాయి. మీరు క్రికెట్‌లో షార్ట్ బాల్‌కి కుర్రాడి కాళ్ళు ఎటు కదిలాయని చూస్తారే, అచ్చంగా అదే చూపు.

ప్రశ్న: కాలేజీ ఆటగాళ్ళు లోహపు బ్యాట్ వాడతారు కదా, ఆ అంకెల్ని నమ్మొచ్చా? — చికాగో

జవాబు: సగమే. 2011 నుంచి కాలేజీ లోహపు బ్యాట్ల నుంచి బంతి ఎగిరే వేగం మీద కట్టడి వచ్చింది గానీ, వాటికి మంచి చోటు ఇంకా వెడల్పే. చేతుల దగ్గర తగిలిన బంతి కూడా ఇన్‌ఫీల్డ్ దాటుతుంది. అదే కర్ర బ్యాట్‌తో అయితే బ్యాట్ విరిగి బంతి పిచర్ కాళ్ళ దగ్గర పడుతుంది. అందుకే వేసవిలో కర్ర బ్యాట్లతో ఆడే కేప్ కాడ్ లీగ్‌కి స్కౌట్లు క్యూ కడతారు. కాలేజీలో .380 కొట్టి కేప్‌లో .210 దగ్గర ఆగిన వాడి గురించి లోపలి బంతి ఆడగలడా అని ఆరా తీయండి. అయితే కేప్ సీజన్ 40 ఆటల చుట్టుపక్కలే ముగుస్తుంది. ఒక్క వేసవితో తీర్పు చెప్పేయకండి.

ప్రశ్న: 97 మైళ్ళు వేసేవాడు 12వ రౌండ్ దాకా మిగిలిపోతాడు, 93 వేసేవాడు రెండో రౌండ్‌లోనే వెళ్ళిపోతాడు. ఎందుకని? — ఇంజినీరు, విశాఖపట్నం

జవాబు: వేగం ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. మేజర్ లీగ్ సరాసరి ఫాస్ట్‌బాలే 94 మైళ్ళ చుట్టుపక్కల. దాని తర్వాత చూసేది బంతి నడక. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల బంతి గురుత్వాకర్షణకి ఎదురీది, పడాల్సినంత పడదు. ఆ ఎదురీత 18 అంగుళాలు దాటితే బ్యాటర్ బంతి కింద గాలిని ఊపుతాడు. 97 మైళ్ళతో వచ్చినా 12-13 అంగుళాల దగ్గర ఆగిపోయే బంతి బ్యాట్ దారిలోకే వస్తుంది. ఇంకోటి, బంతి ఎంత ముందుకొచ్చి వదిలాడన్నది. పిచర్ దిమ్మె నుంచి ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. ఆరున్నర అడుగులు ముందుకొచ్చి వదిలితే బంతి ప్రయాణం 54 అడుగులే, బ్యాటర్‌కి ఆలోచించే సమయం తగ్గుతుంది.

మీరు చెప్పిన 97 వాడిలో లోపం చాలావరకు కిందివాటిలో ఒకటై ఉంటుంది. స్ట్రైకులు 60 శాతం కూడా ఉండవు. లేదా రెండో రకం బంతి ఒకటే ఉండి మూడోది ఉండదు. అలాంటివాణ్ణి రిలీవర్ (ఆట మధ్యలో వచ్చి కాసేపు వేసేవాడు) అని రాసుకుంటారు, రిలీవర్ ధర తక్కువ. లేదా మోచేతి స్నాయువు ఇప్పటికే ఒకసారి తెగి ఉంటుంది. చివరిది ఎప్పుడూ శాశ్వతమైన మచ్చ కాదు. టామీ జాన్ శస్త్రచికిత్స (తెగిన ఆ స్నాయువుని మార్చేది) అయ్యాక కోలుకుంటున్న కాలేజీ పిచర్ తారిక్ స్కూబల్‌ని డెట్రాయిట్ 2018లో 9వ రౌండ్‌లో పట్టుకుంది. 2024, 2025 రెండేళ్ళూ అమెరికన్ లీగ్ మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతి అతనిదే. జేకబ్ డిగ్రామ్ కూడా 9వ రౌండే, 2010లో. కాలేజీలో అతను చాలాకాలం షార్ట్‌స్టాప్. చేతికి అలుపు లేదు, బంతి విసరడంలో అనుభవం లేదు. మొదటిది కొనుక్కుని రెండోది నేర్పించుకున్నారు.

ప్రశ్న: కుమార్ రాకర్ అమ్మగారిది భారతీయ మూలం అని చదివాను. 2021లో మెట్స్ అతన్ని 10వ పిక్‌గా తీసుకుని కూడా ఒప్పందం ఎందుకు చేసుకోలేదు? ఎంపికయ్యాక వదిలేయొచ్చా? — గృహిణి, అట్లాంటా

జవాబు: వదిలేయొచ్చు. ఎంపిక అంటే ఆ ఆటగాడితో మాట్లాడే హక్కు ఆ ఒక్క జట్టుకే దక్కడం. ఐపీఎల్ వేలంలోలా సుత్తి పడగానే బేరం ముగిసినట్టు కాదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2019లోనే డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేసిన పిచర్ రాకర్. డ్రాఫ్ట్ తర్వాత వైద్య పరీక్షల్లో చేతి గురించి మెట్స్‌కి భయం పట్టుకుంది. డ్రాఫ్ట్‌కి ముందే స్కాన్ రిపోర్టులు అందరికీ ఇచ్చే ఏర్పాటులో రాకర్ చేరలేదు. చేరి ఉంటే, స్లాట్ (ఆ పిక్‌కి సంతకం బోనస్‌గా లీగ్ కట్టిన విలువ) మొత్తంలో నిర్ణీత శాతమైనా ఇస్తామని జట్టు చెప్పక తప్పేది కాదు. చేరలేదు కాబట్టి మెట్స్ చేతులు కడిగేసుకుని, బదులుగా 2022లో 11వ పిక్ పుచ్చుకుంది.

రాకర్ 2022లో ఫ్రాంటియర్ లీగ్ అనే స్వతంత్ర లీగ్‌లో కొన్ని ఆటలు వేసి చూపించాడు. టెక్సాస్ రేంజర్స్ 3వ పిక్‌గా తీసుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. 2023లో టామీ జాన్ శస్త్రచికిత్స, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్ అరంగేట్రం. మెట్స్ భయం ఉత్తదేం కాదు, రేంజర్స్ ధైర్యమూ పిచ్చిది కాదు. ఒకే చేతిని రెండు జట్లు రెండు రకాలుగా చదివాయి. బయట కూర్చున్న మనకి ఆ స్కాన్‌లు దొరకవు. అందుకే మొదటి రౌండ్‌లో ఎవరైనా అకారణంగా పది స్థానాలు జారిపోతే 'స్టీల్' (చవగ్గా కొట్టేశారు) అని చప్పట్లు కొట్టేముందు వైద్య కారణం ఉందేమోనని అనుమానించండి.

ప్రశ్న: జట్లు ఒక్కోసారి అందరూ బెస్ట్ అన్నవాణ్ణి వదిలి వేరేవాణ్ణి ఎందుకు తీసుకుంటాయి? — న్యూజెర్సీ

జవాబు: డబ్బు లెక్క. మొదటి 10 రౌండ్లలో ప్రతి పిక్‌కీ ఒక స్లాట్ విలువ ఉంటుంది. అవన్నీ కూడితే వచ్చేది జట్టు సంచి. సంచి దాటి 5 శాతం లోపు ఖర్చు చేస్తే దాటిన మొత్తం మీద 75 శాతం పన్ను. 5 దాటితే పన్నుతోపాటు వచ్చే ఏటి మొదటి రౌండ్ పిక్ కూడా పోతుంది. అందుకే పన్ను కట్టేవాళ్ళున్నారు గానీ ఆ 5 శాతం గీత దాటేవాళ్ళు లేరు. సంచిలోపల ఎవరికి ఎంతన్నది జట్టిష్టం.

2012లో హ్యూస్టన్ చేసింది చూడండి. మొదటి పిక్ స్లాట్ 72 లక్షల డాలర్లు. కార్లోస్ కొరెయా 48 లక్షలకి ఒప్పుకున్నాడు. మిగిల్చిన దాంట్లోంచి, ఎక్కువ అడుగుతాడని మిగతా జట్లు వదిలేసిన లాన్స్ మెకల్లర్స్‌ని 41వ పిక్‌గా తీసుకుని 25 లక్షలిచ్చారు. ఇద్దరూ 2017లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నారు. టొరంటో 2023లోనూ ఇదే కథ, చిన్న ఎత్తున. క్రిస్ బాసిట్ అనే పిచర్‌ని కొనుక్కున్నందుకు జరిమానాగా రెండో రౌండ్ పిక్ పోయి సంచి చిక్కిపోయింది. అర్జున్ స్లాట్ కంటే తక్కువకి, 30 లక్షల డాలర్లకి సంతకం చేశాడు. నాలుగో రౌండ్‌లో లాండెన్ మరూడిస్ అనే హైస్కూల్ పిచర్‌కి స్లాట్ కంటే బాగా ఎక్కువిచ్చారు. పాపం ఆ కుర్రాడికి మరుసటి ఏడే మోచేతికి శస్త్రచికిత్స చేయాల్సొచ్చింది. కాబట్టి ఒక జట్టు డ్రాఫ్ట్‌ని బేరీజు వేసేటప్పుడు రౌండ్ నంబర్లు కొట్టేసి, బోనస్ మొత్తాల వరుసలో పేర్లు మళ్ళీ రాసుకోండి. జట్టు ఎవరిని నిజంగా నమ్మిందో ఆ జాబితా చెబుతుంది.

ప్రశ్న: మా బాబు పదకొండో తరగతి. పిచర్. 88 మైళ్ళు వేస్తాడు. వేగం పెంచే శిక్షణకి పంపమని అందరూ చెబుతున్నారు. డ్రాఫ్ట్ దాకా వెళ్ళగలడా, కాలేజీ మేలా? — ఒక తల్లి, డాలస్

జవాబు: అమ్మా, 88 అంటే కాలేజీ కోచ్‌లు ఫోన్ చేసే వేగం. హైస్కూల్ నుంచి నేరుగా పెద్ద బోనస్ అందుకునేవాళ్ళు ఈ రోజుల్లో 93-96 మధ్య వేస్తున్నారు. బాబు ఎత్తు ఇంకా పెరుగుతోందా, భుజాలు విప్పారాయా, విసిరే తీరు శ్రమ లేకుండా ఉందా అన్నవి స్కౌట్ ముందుగా చూస్తాడు. ఆరడుగుల మూడంగుళాల సన్నటి కుర్రాడి 88, అయిదడుగుల పదంగుళాల దిట్టమైన కుర్రాడి 88 కంటే ముద్దు, ఎందుకంటే వాడికి కండ పట్టే చోటు మిగిలి ఉంది. వేగం శిక్షణ వద్దనడం లేదు. ఆటల సీజన్ నడుస్తుండగా మాత్రం వద్దు. 17-18 ఏళ్ళవాళ్ళకి మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన సూచన రోజుకి 105 బంతులు మించకూడదని, 81 దాటితే 4 రోజులు విశ్రాంతి అని. వారాంతపు టోర్నమెంట్లలో స్కూలు కోచ్‌కీ ట్రావెల్ జట్టు కోచ్‌కీ ఒకరి లెక్క ఒకరికి తెలియదు. బంతుల పుస్తకం మీరే రాయండి, ఇద్దరికీ చూపించండి.

నియమం ఇది. హైస్కూల్ ముగియగానే డ్రాఫ్ట్‌కి అర్హుడు. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడు ముగిసేదాకా లేదా 21 వచ్చేదాకా మళ్ళీ అర్హత లేదు. జూనియర్ కాలేజీలో చేరితే ఏటా అర్హుడే. డ్రాఫ్ట్ 20 రౌండ్లు; పదో రౌండ్ తర్వాత జట్టు సంచికి చేటు లేకుండా ఇచ్చేది సాధారణంగా లక్షన్నర డాలర్లకి మించదు. మైనర్ లీగ్ జీతం బోనస్ స్థానంలో నిలిచేది కాదు: 2023 ఒప్పందం మొదలైనప్పుడు సింగిల్-ఎ లో ఏడాదికి 26,200 డాలర్లు, ట్రిపుల్-ఎ లో 35,800. కాబట్టి ఇప్పుడే ఒక అంకె ఇంట్లో రాసుకోండి, దానికి తక్కువైతే కాలేజీయేనని. స్కౌట్ అడిగినప్పుడు అదే అంకె చెప్పండి, డ్రాఫ్ట్ రోజున మార్చకండి. సంతకం చేసే పక్షంలో చదువు ఖర్చు నిబంధనని ఒప్పందంలో రాయించుకోండి; అది అడిగితేనే వస్తుంది, తర్వాత అడిగితే రాదు.

ప్రశ్న: ఒక జట్టు డ్రాఫ్ట్ బాగుందో లేదో ఎన్నాళ్ళకి చెప్పొచ్చు? — రాజమండ్రి

జవాబు: అయిదేళ్ళు. మర్నాడే పత్రికలు వేసే ఎ, బి గ్రేడ్లు కాలక్షేపానికి. 2009లో, తర్వాత దిగ్గజమైన మైక్ ట్రౌట్ కంటే ముందు 24 పేర్లు పిలిచారు. ఇంకో దిగ్గజం ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో 13వ రౌండ్, 402వ పేరు. 2013లో హ్యూస్టన్ మొదటి పిక్ మార్క్ ఆపెల్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది 2022లో, అదీ ఫిలడెల్ఫియా చొక్కాతో; రెండో పిక్ క్రిస్ బ్రయంట్ 2016కల్లా లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). 20 మందిని తీసుకుంటే ఒకడు పక్కా ఆటగాడై, ఇద్దరు ముగ్గురు పనికొచ్చే పిచర్లయితే ఆ స్కౌటింగ్ విభాగానికి దండ వేయొచ్చు. వదులుకున్నదీ లెక్కలో వేయాలి: 2014లో మొదటి పిక్ బ్రేడీ ఐకెన్‌తో ఒప్పందం కుదరక హ్యూస్టన్ నవ్వులపాలైంది. బదులుగా వచ్చిన 2015 రెండో పిక్‌తో తీసుకున్నది తర్వాత స్టార్ అయిన అలెక్స్ బ్రెగ్మన్‌ని.

ప్రశ్న: అర్జున్ ఆటని ఇక్కడినుంచే గమనించాలనుకుంటున్నాం. ఏవి చూడాలి? — మిత్రబృందం, కాకినాడ

జవాబు: డబుల్-ఎ మెట్టు చేరాక మొదటి 150 సార్లు బ్యాటింగ్‌లో స్ట్రైకౌట్ శాతం చూడండి. హైస్కూల్ కుర్రాళ్ళ ఊహ మార్కులు నిలిచేదీ కూలేదీ ఎక్కువగా అక్కడే. ఆ తర్వాత ఏ చోట ఆడిస్తున్నారో చూడండి, షార్ట్‌స్టాప్‌గా ఉంచితే .240 సగటు కూడా విలువైనదే, మూడో బేస్‌కి జరిపితే అదే బ్యాట్‌కి ఇంకా పవర్ కావాలి. బంతి వేగం, కొట్టిన వేగం లాంటి కొలతలు మైనర్ లీగుల్లో బయటికి దొరికేది ఫ్లోరిడా స్టేట్ లీగ్‌కీ ట్రిపుల్-ఎ కీ మాత్రమే. కాబట్టి మధ్య మెట్లలో మామూలు స్కోర్‌కార్డే దిక్కు. తేదీ ఒకటి గోడ మీద రాసుకోండి. 18 నిండకముందే సంతకం చేశాడు గనుక, అతని హక్కులున్న జట్టు 2027 నవంబరులో తన 40 మంది మేజర్ లీగ్ జాబితాలో చేర్చుకోవాలి. చేర్చకపోతే డిసెంబరు రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఇంకే జట్టయినా ఎగరేసుకుపోవచ్చు.